మొండిఘటాల బోను

స్నానాలగదిలోంచి "బొత్తం కుట్టెయ్!" అని ఆయన అరిచాడు. వంటింట్లో ఉన్న ఆవిడకి "మొత్తం కట్టెయ్!" అని వినపడింది. మొగుడు చెప్పాక ఎందుకూ ఏమిటీ అని అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు కాబట్టి ఆవిడ మొత్తం కట్టేసింది. పొయ్యి కట్టేసింది. నీళ్ళ మోటారు కట్టేసింది. ఫ్యాన్లు కట్టేసింది. అత్తగారు చెవికి ఆనించుకుని వింటున్న రేడియో కట్టేసింది. ఇంకా ఏదో మిగిలిపోయిందేమోనన్న భయంతో వరండాలోకి పరిగెత్తి, ఇల్లంతటికీ కరెంటిచ్చే పెద్ద స్విచ్చుని కిందికి లాగేసింది. స్నానాలగదికి కిటికీ లేదు. లోపల ఆయన నెత్తినిండా నురగ, కళ్ళనిండా సబ్బు, చుట్టూ చీకటి, పంపులోంచి గాలి. ఆ తర్వాత వచ్చిన కేక మాత్రం ఆవిడకి చక్కగా వినపడింది.

"ఎవరు పోయారే?" అన్నారు అత్తగారు రేడియో ఊపుతూ.

"ఎవరూ పోలేదత్తయ్యా. మీ అబ్బాయి కట్టెయ్యమన్నారు."

ఎవరూ పోలేదన్నది కాస్త తొందరపడి అన్న మాట. తలుపు తెరుచుకుని ముందు మగ్గు వచ్చింది, దాని వెనక ఆయన వచ్చాడు. మగ్గు ఆవిడ ఎడమ కనుబొమ్మకి తగిలి రెండు ముక్కలైంది. కనుబొమ్మ కూడా దానికి తీసిపోలేదు. ఆయన ఆవిడ జుట్టు పట్టుకుని మంచం దాకా ఈడ్చుకెళ్ళి, అక్కడ పరిచి ఉన్న తెల్లచొక్కా మీదికి మెడ వంచి పట్టుకున్నాడు, బడికి కొత్తగా వచ్చిన పిల్లకి పలక చూపిస్తున్నట్టు.

"ఇదేంటి? చెప్పు, ఇదేంటి?"

"బొత్తం."

"ఎన్నున్నాయి?"

"ఆరు."

"ఎన్నుండాలి?"

"ఏడు."

"మరి నేనేం చెప్పాను, నువ్వేం తగలేశావు? చెవుడా నీకు?"

ఆ ప్రశ్నకి జవాబు ఆయన కుడిచేతిలోనే ఉంది. అడిగినవాడికే జవాబు తెలిసిన ప్రశ్నలకి మాట్లాడకుండా ఊరుకోవడం ఆవిడ ఎనిమిదేళ్ళ కాపురంలో నేర్చుకున్న మర్యాద. సూదీ దారం తెచ్చుకుని కూర్చుంది. దారం సూదిలోకి ఎక్కడం లేదు. సూది నిలబడే ఉంది, దారమే గాలిలో చిందులు వేస్తోంది. కనుబొమ్మ మీంచి ఒక చుక్క ముక్కు పక్కగా దిగుతోంది. అత్తగారు దగ్గరికి వచ్చి తొంగిచూశారు. ఆ ముసలి కళ్ళలో నిజమైన కంగారు కనిపించింది.

"అమ్మాయ్, జాగ్రత్త! చొక్కాకి అంటుకుంటే నెత్తురు మరక వదలదు. ఇవాళ వాడికి పెద్దరోజు."

ఎడమచెవి పోయి ఏడాదిన్నర అయింది. చెవి డాక్టరు లైటు పెట్టి చూసి, "ఎలా జరిగింది?" అని ఆవిడనే అడిగాడు. జవాబు మాత్రం అత్తగారు చెప్పారు: "పుల్ల పెట్టి తిప్పుకుందండీ, ఈ కాలం పిల్లలు మాట వినరు కదా." డాక్టరు కాగితం మీద పుల్ల అని రాశాడు. ఐదువేళ్ళున్న పుల్ల ఉంటుందని ఆయనకి ఏ పుస్తకంలోనూ చెప్పి ఉండరు. అప్పట్నుంచీ ఎడమవైపు మనుషుల మాటలు దూరవు గానీ, ఒక మోత మాత్రం లోపల కాపురం పెట్టింది. సన్నగా, తీగలాగా, ఆగకుండా. నిద్రలేచినప్పుడూ అదే, బియ్యం కడిగేటప్పుడూ అదే. డాక్టరు అది నరం చేసే గోల అన్నాడు. నరానికి తిన్న దెబ్బ ఇంకా గుర్తుందన్నమాట. ఇంట్లో మిగతా ఎవరికీ గుర్తులేదు.

ఆయన ఒక పురుగుమందుల కంపెనీలో స్ప్రే సూపర్‌వైజరు. కోళ్ళఫారాల్లో ఈగలమందు కొట్టించడం ఆయన ఉద్యోగం. పగలంతా మందు కొట్టిస్తాడు, సాయంత్రం స్నేహితులతో మందు కొడతాడు, ఇంటికొచ్చాక మందు ఊసే లేకుండా ఉత్తినే కొడతాడు. బయట మాత్రం మంచి మాటకారి. "మా ఆవిడ మీద ఈగ వాలనివ్వను" అని పదిమందిలో రొమ్ము విరుచుకుంటాడు. అందులో అబద్ధం లేదు. ఈగని వాలనివ్వడు. ఆ చోటు తన చేతికోసం అట్టేపెట్టుకున్నాడు.

ఈగలకి మాత్రం ఆవిడ మీద వాలే హక్కు ఉద్యోగరీత్యా దొరికింది. అదే కంపెనీ లాబరేటరీలో ఈగలు పెంచే గది ఒకటుంది. అందులో పని ఆవిడది. పేరుంది గానీ ఎవరూ పిలవరు, అందరికీ ఈగలమ్మ. ఇంట్లో ఐదింటికి లేచి మనుషులకి వండి, తొమ్మిదింటికి వచ్చి ఈగలకి వండుతుంది. తవుడు తడిపి, పాలపొడి కలిపి, గిన్నెల్లో సర్దితే అందులో గుడ్లు పెడతాయి, పురుగులవుతాయి, రెక్కలొస్తాయి. వండిపెట్టడంలో ఈ రెండు చోట్లకీ ఉన్న తేడా ఒక్కటే: ఉప్పు తక్కువైందని ఈగలు గిన్నె విసిరికొట్టవు.

ఆ గదిలో వలగుడ్డతో కట్టిన పెద్ద బోనులు మూడు ఉన్నాయి. మొదటిదాని పేరు రాణివాసం. ఆ వంశం ఈగలకి ముప్పై ఏళ్ళుగా మందు వాసన కూడా తెలియదు. వాటి ముందు మందుసీసా పేరెత్తితే చాలు, వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటాయి. రెండోది మొండిఘటాల బోను. వాటిలో చాలావరకు ఎంత మందుకైనా చావవు. మూడోది ఎప్పటికప్పుడు ఫారాల నుంచి పట్టితెచ్చిన బయటి ఈగల కోసం.

మొండిఘటాల బోనుకి ఒక పద్ధతి ఉంది. ప్రతి శుక్రవారం ఆవిడ దానిలో మందు కొట్టాలి. చచ్చినవాటిని కుంచెతో ఊడ్చెయ్యాలి, చావనివాటి గుడ్లే మళ్ళీ పెంచాలి. ఎందుకంటే మందు పడకుండా వదిలేస్తే ఆ బోనులో మొండితనం తరుగుతూ పోతుంది. మందుని తట్టుకునే ఈగ ఆ తట్టుకోవడానికి ఒంట్లో ఇంకేదో పోగొట్టుకునే ఉంటుంది. సుఖంగా ఉన్న రోజుల్లో మెత్తటివాటి ముందు వెనకబడిపోతుంది. అందుకని వారం వారం చంపుతూనే ఉండాలి. లాబరేటరీలో ఈ పనికి ఒత్తిడి అని పేరు.

రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం ఆయన డబ్బాలో బయటి ఈగల్ని తీసుకొచ్చి, ఆవిడ పని చూస్తూ నిలబడ్డాడు.

"చావనివే కదా ఇవి. మళ్ళీ ఎందుకు కొడుతున్నావు?"

"ఒత్తిడి తీసేస్తే మెత్తబడిపోతాయండీ. వారానికోసారి డోసు పడాలి."

నోరు జారింది. ఆ సాయంత్రం ఆయన చొక్కా చేతులు మడుచుకుంటూ, "ఇవాళ శుక్రవారం కదూ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అంతకుముందు కొట్టడానికి కూరలో కారమో, పక్కింటి పలకరింపో, పిల్లలు లేకపోవడమో, ఏదో ఒక కారణం వెతుక్కునేవాడు పాపం. ఆ రోజు నుంచి ఆ శ్రమ తప్పింది. స్నేహితులకి కూడా ఈ విద్య నేర్పాడు. "ఆడవాళ్ళకి అలవాటు తప్పకూడదురా. నెల్లాళ్ళు ఊరుకున్నావనుకో, ఒక్క దెబ్బకే పుట్టింటికి పరిగెడతారు. వారానికో డోసు పడుతుంటే మొండిపడి ఉంటారు. ఇది సైన్సు." ఆవిడ పక్కగదిలో గ్లాసులు కడుగుతూ కుడిచెవితో విన్నది. సైన్సు అంటే గౌరవం ఉన్న మనిషి కావడంతో ఆ రోజు నిజమేనేమో అనుకుంది. నిజమే కదా. మొదటి ఏడాది ఏడ్చేది. ఇప్పుడు ఏడుపు రావడం లేదు. మొండిపడ్డాను కాబోలు. అత్తగారు కూడా అదే మాట వేరే రాగంలో అనేవారు. "మేం పడలేదా? మీ మామగారి చేతిలో నేను తిన్నవాటిలో పావువంతు కాదు నీవి. చచ్చానా? గుండ్రాయిలా ఉన్నాను. అలవాటైపోతుంది లేవే." అత్తగారు ఆ మాట అంటున్నప్పుడల్లా బీరువా మీద ఫొటోలోంచి పెద్దకోడలు, ఆయన అన్న పెళ్ళాం, చూస్తూ ఉండేది. ఇరవైనాలుగేళ్ళ పిల్ల. స్నానాలగదిలో కాలు జారిందని చెబుతారు. ఆ ఇంట్లో కాళ్ళు తెగ జారతాయి. చేతులెప్పుడూ జారినట్టు ఎవరూ చెప్పరు.

క్రితం వారం సైంటిస్టు మేడం ఆవిడ చేతికి బ్లేడు ఇచ్చారు. లాబరేటరీకి పెద్ద మేడమే. మాట మెత్తన, కళ్ళద్దాలు ఎప్పుడూ నెత్తిమీద. "ఈగలమ్మా, ఫారాల నుంచి వచ్చినవి వంద, రాణివాసం నుంచి వంద. తలలు తీసి విడివిడిగా నూరాలి." రెండువందల తలలు. మంచుపలక మీద పడుకోబెట్టి, ఒక్కొక్క మెడ మీద బ్లేడు ఆనించి నొక్కడం. మొదటి పాతిక తలలు నొక్కేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంది. ఆ తర్వాత తిప్పుకోలేదు, భయం వేసింది. ఒక్కొక్క తల తెగుతుంటే ఒంట్లోకి ఏదో హాయి పాకుతోంది. యాభయ్యో తల దగ్గర ఆవిడకి తన పెదవుల మీద ఒక నవ్వు తగిలింది. ఆ నవ్వు ఎవరిదో గుర్తుపట్టింది, చొక్కాచేతులు మడుచుకునేటప్పుడు ఆయన నవ్వే నవ్వు. బ్లేడు కింద పెట్టి చేతులు కడుక్కుని వచ్చి, మిగతా తలలు కళ్ళు చిట్లించుకుని పూర్తిచేసింది.

నూరిన తలల రసాన్ని గాజుగొట్టాల్లో పోసి, మేడం అన్నిటిలోనూ మందు కలిపి, పైన రంగు తేల్చే రసాయనం ఒక చుక్క వేశారు. రాణివాసం గొట్టాలు నీళ్ళలా తెల్లగా ఉండిపోయాయి. ఫారం ఈగల గొట్టాల్లో ఎనభైకి పైగా నిమిషాల్లో పచ్చబడ్డాయి.

"పచ్చరంగు వచ్చిందంటే లోపలి ఎంజైము ఇంకా పని చేస్తోందన్నమాట" అన్నారు మేడం.

అప్పుడే ఏదో సంతకానికి వచ్చిన ఆయన గుమ్మంలోంచి, "ఎంజైము అంటే ఏముంది మేడం, మేం ఏం చేయము అనే కదా! మా ఆఫీసునిండా అవే" అని తన జోకుకి తనే నవ్వి వెళ్ళిపోయాడు. మేడం నవ్వలేదు. కాగితం మీద రెండు గీతలు గీశారు.

"ఇది ఒక నరం, ఇది ఇంకో నరం. మధ్య సందు. ఈ నరం ఆ నరానికి కబురు పంపాలంటే సందులోకి ఒక రసాయనం చల్లుతుంది. కబురు అందింది, కాలు కదిలింది. ఆ తర్వాత చల్లిందాన్ని ఊడ్చెయ్యాలి కదా? ఊడ్చేది ఈ ఎంజైము. క్షణంలో వేలసార్లు ఊడుస్తుంది. మన మందు వెళ్ళి దాని నోట్లో అడ్డంగా ఇరుక్కుంటుంది. ఇక ఊడ్చేవాళ్ళు లేరు. కబురు మీద కబురు, కదులు కదులు కదులు. ఆపేవాళ్ళు లేక నరం మోగుతూనే ఉంటుంది. ఈగ వణికి వణికి చస్తుంది."

నరం మోగుతూనే ఉంటుంది అన్నచోట ఆవిడ చెయ్యి తెలియకుండానే ఎడమచెవి మీదికి వెళ్ళింది. ఊడ్చేది అన్నచోట లోపల్లోపల నవ్వుకుంది. ఎంత చిన్న ఒళ్ళయినా ఊడ్చే మనిషి ఒకతె ఉండాల్సిందేనన్నమాట. ఊడుస్తున్నన్నాళ్ళూ అలాంటిది ఒకటి ఉందని ఈగకి కూడా తెలియదు. ఆగిపోయిన పూట తెలుస్తుంది.

"మనుషుల్లో కూడా ఇదే ఉంటుందా మేడం?"

"ఇదే. అందుకే మందు ఎక్కువ కొట్టే కూలీలు పడిపోతుంటారు."

"మరి ఈ ఫారం ఈగల్లో?"

"జన్యువులో ఒక్క అక్షరం మారింది. ఒకే ఒక్కటి. దాంతో ఎంజైము నోటి దగ్గర సందు సన్నబడింది. మందు లోపల ఇరుక్కోలేదు. ఊడ్చే పని కొంచెం నెమ్మదిస్తుంది, కానీ ఆగదు."

"అంటే మందు పడీపడీ అలవాటైపోయిందన్నమాట."

మేడం కళ్ళద్దాలు నెత్తిమీంచి కిందికి దించుకుని ఆవిడ వైపు చూశారు. "అందరూ అదే అంటారమ్మా. తప్పు. ఏ ఈగకీ మందు అలవాటు కాలేదు. ఆ అక్షరం మందు పడకముందే, ఎక్కడో వేలల్లో ఒకదానికి పుట్టుకతోనే మారి ఉంది. మందు పడ్డాక మిగతావన్నీ చచ్చాయి. అది మిగిలింది. ఇప్పుడున్నవన్నీ దాని పిల్లలు. చచ్చినవాటిని మనం చూడం, బతికినవాటినే చూస్తాం. అందుకని అలవాటు పడ్డాయనుకుంటాం."

చచ్చినవాటిని చూడకపోవడం మేడం సంగతి. ఆవిడ చూసింది. ప్రతి శుక్రవారం చేటలకి చేటలు ఎత్తిపోసింది. ఆ మాట విన్న క్షణం నుంచీ ఆవిడ బుర్రలో ఒక కిటికీ తెరుచుకుని, ఎంత మూసినా మూతపడటం మానేసింది. మేం పడలేదా, చచ్చామా అని అత్తగారు అడుగుతారు. చచ్చి ఉంటే ఎలా అడుగుతారు? అడగడానికి మిగిలినవాళ్ళే కదా ఉంటారు. బీరువా మీది పిల్లని అడిగితే వేరే జవాబు వస్తుంది, కానీ ఆ పిల్లని ఎవరడుగుతారు, ఊడ్చేశారు కదా. మరి నేను? నాలో ఏ అక్షరం మారింది? ఏడుపు రానంత మాత్రాన మొండిదాన్నా? చేతులు వణకడం, చెవిలో మోత, గుమ్మంలో చెప్పుల చప్పుడైతే మోకాళ్ళు కొట్టుకోవడం... ఈ గుర్తులు ఆవిడకి కొత్త కాదు. ఏ బోనులో చూసిందో కూడా తెలుసు. మొండిఘటాల బోనులో కాదు.

నిన్న మధ్యాహ్నం ఆయన ఈగల గదికి వచ్చి తలుపు గడియ వేశాడు.

"రేపు ఫారాలవాళ్ళు వస్తున్నారు. ఈ ప్రదర్శన బాగుంటే జిల్లా మొత్తం స్ప్రే మనదే, నేను మేనేజర్ని. పెట్టెలో రాణివాసం పెట్టు. పైన ఫారం ఈగలని చీటీ అంటించు. ఎప్పట్లాగే."

ఎప్పట్లాగే అంటే మూడేళ్ళుగా. ఏటా ప్రదర్శనకి సుకుమారపు ఈగల్ని పెట్టెలో పోసి, వాటి మీద మొండివాటి చీటీ అంటించింది ఈ చేతులే. అవి పొలోమని పడిపోయేవి, ఫారాలవాళ్ళు చప్పట్లు కొట్టేవారు, ఆ తర్వాత తమ ఫారాల్లో చావని ఈగల మీద మందు రెట్టింపు చేసేవారు. క్రితం నెలలో ఒక కూలీమనిషి మందుడబ్బా వీపున ఉండగానే నోటెంట నురగతో కూలిపోయింది. ఇద్దరు పిల్లల తల్లి. బతికింది గానీ ఇప్పటికీ గ్లాసు పట్టుకోలేకపోతోందట.

"మేడం చూస్తారేమోనండీ ఈసారి" అంది ఆవిడ.

ఆయన ఆవిడ మణికట్టు పట్టుకుని వెనక్కి మెలితిప్పాడు, ఎముక ఒక మాట చెప్పబోయేదాకా. "పొరపాటు జరిగిందో, రేపు శుక్రవారం కాకపోయినా శుక్రవారమే."

ఈ రోజు బుధవారం. కనుబొమ్మకి దూదీ పట్టీ అంటించుకుని, ఏడో బొత్తం కుట్టిన చొక్కాని ముందు పంపించి, ఆవిడ పదింటికి ఈగల గదిలోకి వెళ్ళింది. గాజుపెట్టె బల్లమీద ఉంది. చీటీ కూడా తయారుగా ఉంది: ఫారం ఈగలు, వంద. ఎడమపక్కన రాణివాసం, కుడిపక్కన ఫారం బోను. ఈగల్ని పట్టాలంటే కాసేపు చల్లటి పెట్టెలో పెడితే చాలు, మత్తుగా పడుకుంటాయి. ఆ కాసేపూ ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని తన మణికట్టు మీద నీలంగా తేలిన నాలుగు వేళ్ళని చూసింది. రాణివాసం పెడితే ఇవాళ సాయంత్రం ఆయన సంతోషంగా ఉంటాడు. సంతోషంలో పెద్దగా కొట్టడు. ఎల్లుండి ఎలాగూ శుక్రవారం. పెట్టకపోతే... పెట్టకపోతే ఏమవుతుందో బీరువా మీది పిల్లకి తెలుసు. అంతా ఆలోచించి, చాలా చిన్న పని చేసింది. చీటీ మీద ఏమి రాసి ఉందో పెట్టెలోనూ వాటినే పోసింది.

పదకొండింటికి హాలు నిండింది. ఫారాలవాళ్ళు పాతికమంది, మొదటి వరసలో వాళ్ళ సంఘం పెద్దావిడ, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని. పక్కన సైంటిస్టు మేడం. ఈగలమ్మ గోడవారగా పెట్టె పక్కన నిలబడింది. ఆయన మైకు పట్టుకున్నాడు.

"చూడండి పెద్దలూ! ఇవి మీ ఈగలే. మీ కోళ్ళ మేత తిని బలిసినవే. మా మందు కొడితే ఐదు నిమిషాల్లో ఫారం ఖాళీ, ఈగలకి ఆఖరి ఘడియ! ఆ తర్వాత మీరు తోలుకుందామన్నా ఈగలుండవు!"

నవ్వులు. ఆయన పెట్టెలోకి మందు కొట్టాడు. తెల్లటి తుంపర కమ్మేసి, మెల్లగా విడిపోయింది. ఒక్క ఈగ పడలేదు. ఐదు నిమిషాలు గడిచాయి. ఈగలు గాజు మీద వరసగా కూర్చుని, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళలా ముందుకాళ్ళు రుద్దుకున్నాయి. ఆయన మళ్ళీ కొట్టాడు. మూడోసారి సీసా ఖాళీ అయ్యేదాకా కొట్టాడు. నాలుగో ఐదో పడ్డాయి. మిగతావి ఆ చిన్న అవమానాన్ని పట్టించుకోకుండా తిరుగుతున్నాయి.

"మందు కొట్టారా, సెంటు కొట్టారా సూపర్‌వైజర్ గారూ?" అన్నాడు వెనక వరసలోంచి ఒకాయన. హాలు గొల్లుమంది.

ఆయన మెడ ఎర్రబడింది. ముఖాన మాత్రం నవ్వు అతికించుకుని, "చిన్న పొరపాటండీ. మా ఆవిడకి చెవుడు. నేను ఒక ఈగలు పెట్టమంటే ఇంకో ఈగలు పెట్టింది" అన్నాడు.

పెద్దావిడ కర్ర మీంచి గడ్డం ఎత్తింది. "ఇంకో ఈగలేంటి నాయనా? ఇవి మావేనన్నావుగా ఇప్పుడు?"

ఆ ప్రశ్నతో హాల్లో నవ్వు ఆగిపోయింది. ఆయన బల్ల చుట్టూ తిరిగి పెళ్ళాం దగ్గరికి వచ్చి, పళ్ళ మధ్య నుంచి, "వినపడలేదని చెప్పు. చెప్పవే, వినపడలేదని" అన్నాడు. కుడిచెవి వైపే అన్నాడు. వినపడాలనుకున్నప్పుడు ఆయనకి చెవి తేడా తెలుసు.

చెప్పొచ్చు. ఒక్క ముక్క. పొరపాటు చెవి మీదికి పోతుంది, చెవి పుల్ల మీదికి పోతుంది, పుల్ల ఎవరిదో ఎవరూ అడగరు. ఆవిడ నోరు తెరిచింది. మాట రావడం ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆ క్షణాన్ని ఆయన చెయ్యి ఓర్చుకోలేకపోయింది. ఇంట్లో నేర్చిన విద్య, గోడలు మారాయని చేతికి ఎవరు చెబుతారు? పాతికమంది ముందు, మైకు పక్కనే, దెబ్బ హాలంతా మోగింది. ఆవిడ తల బల్లఅంచుకి కొట్టుకుంది. పట్టీ ఊడి, కనుబొమ్మ మళ్ళీ తెరుచుకుంది. లేవబోతుంటే బూటుకాలు డొక్కలో పడింది.

కుర్చీలు చప్పుడయ్యాయి. ఇద్దరు ఫారాలవాళ్ళు ఆయన్ని రెక్కలు పట్టి వెనక్కి లాగారు. మేడం "ఏమిటిది! ఏం చేస్తున్నారు మీరు!" అని అరిచారు.

"ఇది మా ఇంటి విషయం మేడం! మీరు దూరకండి!" అన్నాడు ఆయన, పట్టుకున్న చేతుల్ని విదిలించుకుంటూ. "వారానికోసారి పడేదే, దానికి అలవాటే!"

ఆవిడ బల్ల పట్టుకుని లేచింది. కళ్ళలోకి దిగుతున్న నెత్తుటిని చేత్తో తుడుచుకుంది. చొక్కాలు ఏవీ దగ్గర్లో లేవు కాబట్టి ఈసారి మరకల బెంగ లేదు. మైకు ఇంకా బల్ల మీదే ఉంది. చేతిలోకి తీసుకుంది. నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"నాకు బాగానే వినపడిందండీ. నిన్న ఈయన ఏం పెట్టమన్నారో ప్రతి ముక్కా వినపడింది. లాబరేటరీలో పుట్టి, మందు వాసన కూడా తెలియని ఈగల్ని పెట్టి, మీవని చీటీ అంటించమన్నారు. మీరు చప్పట్లు కొట్టిన మూడేళ్ళూ నేను అదే చేశాను. పొరపాటు ఇవాళ జరగలేదు. అప్పుడు జరిగింది, నా చేతులతోనే. ఇవాళ పెట్టెలో ఉన్నవి నిజంగా మీ ఈగలు. ఈ మందుకి ఇవి చావవు. రెట్టింపు కొడితే మీ కోళ్ళు చస్తాయి, మీ కూలీలు చస్తారు, ఇవి చావవు. కావాలంటే మేడం దగ్గర పచ్చ గొట్టాలున్నాయి, చూడండి."

మేడం లేచి నిలబడ్డారు. "నిజమే. వందలో ఎనభైనాలుగు" అన్నారు. తల దించుకునే ఫారాలవాళ్ళ వైపు తిరిగారు. "రిపోర్టు నేను పైకి పంపాను. ప్రదర్శన పెట్టె ఎప్పుడూ తెరిచి చూడలేదు."

పెద్దావిడ కర్ర ఊతగా ముందుకొచ్చి, గాజు మీద వేలితో తట్టింది. ఈగలు లేచి మళ్ళీ అక్కడే వాలాయి. "అయితే మా ఈగలకి ఈ మందు అలవాటైపోయిందన్నమాట, అంతేనా తల్లీ?"

"కాదమ్మా" అంది ఆవిడ. "అలవాటు కావడం అనేది లేదు. తట్టుకోలేనివి చచ్చిపోయాయి, మీరు ఊడ్చేశారు. తట్టుకునే పుట్టుక ఉన్నవి మిగిలాయి. బతికున్నవాటిని చూసి అలవాటైపోయిందంటారు అందరూ. మా ఇంట్లో కూడా అంటారు. మా తోడికోడలు ఇరవైనాలుగేళ్ళకే పోయింది, ఆ పిల్లకి అలవాటు కాలేదు. నాలోనూ ఏ అక్షరమూ మారలేదమ్మా, నేను మెత్తటిదాన్నే. ఇంకో డోసు పడితే చచ్చిపోతాను. అందుకని ఇవాళ ఇంటికి వెళ్ళటం లేదు."